పాత బట్టల పేజీలో బొమ్మలతో పాటు కొలతలు కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత బట్టలతో ఇంట్లో ఏమేం చేసుకోవచ్చో చూపించే పేజీని నేను వదలకుండా చదువుతాను. చదివిన ప్రతిసారీ కాస్త చిరాకు పడతాను, ఆ చిరాకే ఇవాళ కాగితం మీద పెడుతున్నాను. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను, ఫాల్, పీకో, ఆల్ట్రేషన్ పనులు చేస్తాను, కాబట్టి పాత బట్ట నా చేతిలోకి రాని రోజు ఉండదు.

మొన్న పాత జీన్స్‌తో పెన్ను స్టాండు వేశారు, అంతకు ముందు చీర అంచుతో ఫొటో ఫ్రేము, దానికి ముందు టీషర్టుతో గోడకి తగిలించే ఏదో పువ్వు. అయ్యా, ఒక ఇంటికి ఎన్ని పెన్ను స్టాండ్లు కావాలి? మా ఇంట్లో అయితే సంతకం పెట్టాలంటేనే పెన్ను వెతుక్కోవాలి. పైగా దాని కోసం గ్లూ గన్ను, ముత్యాలు, లేసు, గట్టి అట్ట తెచ్చుకోమన్నారు. జనరల్ బజార్‌కి ఆటోలో పోయి అవన్నీ తెచ్చుకునే ఖర్చులో రెండు స్టాండ్లు కొనుక్కోవచ్చు. జీన్స్‌లో వాడింది మోకాలి కింద జానెడు ముక్క, మిగిలిన ప్యాంటు మాట మీరు ఎత్తలేదు, అది చెత్త బండిలోకే పోతుంది. ఇంకో సంగతి, జిగురు పెట్టి అతికించినదాన్ని ఉతకలేం, విప్పి మళ్లీ వాడలేం. కుట్టినది అయితే కుట్టు విప్పేస్తే గుడ్డ గుడ్డగా మిగులుతుంది.

ఇవన్నీ సరదా పనులు, చేసుకునేవాళ్లు చేసుకుంటారు, పోనీ అనుకోవచ్చు. కానీ ఒక వారం వేడి గిన్నెలు దించుకునే గుడ్డ కుట్టుకోమని తళతళలాడే చీర ముక్క, లోపల స్పాంజి పెట్టి ఫొటో వేశారు చూడండి, అది చూసి మాత్రం భయం వేసింది. ఫొటోలో అందంగానే ఉంది, కానీ ఆ మెరుపు చూస్తే అది పాలిస్టర్ అని గుడ్డ పట్టుకున్న అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా చెప్తారు. పాలిస్టర్ నూలులా కాలి బూడిద అవదు, కరుగుతుంది. కరిగింది వేలికి అంటుకుంటే తోలుతో సహా ఊడుతుంది. స్పాంజి కూడా అంతే, మంట తగిలితే క్షణంలో అంటుకుంటుంది. స్టవ్ దగ్గర వాడే ఏ గుడ్డ అయినా పూర్తి నూలుదై ఉండాలి. పైన పాత జీన్స్ ముక్క, లోపల పాత నూలు తువ్వాలు రెండు మడతలు, దారం కూడా నూలు దారమే. ఈ ఒక్క మాట ఆ ఫొటో కింద వేసి ఉంటే బాగుండేది.

గుడ్డ ఏదో తెలుసుకోవడం పెద్ద విద్య కాదు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, సింకు మీద పెట్టి అగ్గిపుల్ల చూపించండి. నూలు అయితే కాగితంలా కాలుతుంది, మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుపోయి, చివర నల్లటి గట్టి పూసలా తయారవుతుంది. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. కలిపి నేసిన గుడ్డ కొంచెం కాలి కొంచెం ముడుచుకుంటుంది, అనుమానం వస్తే పాలిస్టర్ కిందే లెక్క వేసుకోండి. పిల్లలకి ఇది చూపిస్తే వాళ్లే బీరువా అంతా పరీక్ష పెడతారు, పక్కనే నిలబడండి.

మా అమ్మ తరంలో నూలు చీర పాతబడితే అది ఏ దారిన పోతుందో ముందే తెలిసి ఉండేది. గట్టిగా ఉన్నన్నాళ్లు పిల్లకి ఉయ్యాల, మెత్తబడ్డాక పుట్టబోయే బిడ్డకి పొత్తిగుడ్డలు, నాలుగైదు చీరలు పోగయితే బొంత, బొంతకి సరిపోనివి దిండు గలీబులు, మిద్దె మీద వడియాలు పెట్టుకునే గుడ్డ, ఆవకాయ జాడీ మూతికి కట్టే వాసెన, ఆఖరికి మసిగుడ్డ. ఎక్కడా జిగురు లేదు, ముత్యం లేదు. ఇప్పటివాళ్లకి ఓపిక లేక అదంతా పోయిందని పెద్దవాళ్లు అంటుంటారు, నేను ఒప్పుకోను. రాత్రి పదకొండింటికి ఆఫీసు పని ముగించి పొద్దున్నే పిల్లల టిఫిన్ బాక్సులు సర్దేవాళ్లకి ఓపిక లేదనడం అన్యాయం. మారింది గుడ్డ. చీర అంటే ఐదున్నర మీటర్ల పొడుగున ఎక్కడా కత్తెర పడని గుడ్డ, ఎటు కావాలంటే అటు చింపుకోవచ్చు. ఇప్పుడు బీరువాలో ఉన్నవి కుర్తీలు, లెగ్గింగులు, టీషర్టులు, ట్రాక్ ప్యాంట్లు, ముందే ముక్కలుగా కోసి, వంపులు తిప్పి కుట్టినవి, పైగా సగం పాలిస్టర్, సగం సాగే గుడ్డ. అమ్మ దగ్గర నేర్చుకున్న పద్ధతి వీటికి పనికిరాదు. ఏ గుడ్డ దేనికి పనికొస్తుందో కొత్తగా నేర్చుకోవాలి, అది నేర్పే చోటు మీ పేజీ అయితే బాగుంటుందని నా గోల.

ఉదాహరణకి బట్ట ఎక్కడ అరుగుతుందో చూడాలి. పాత చీర అంటే చీర మొత్తం పాతబడిందని కాదు. మడమల దగ్గర కింద అంచు, కూర్చునే చోటు ముందు పలచబడతాయి, లోపలి చుట్టు మాత్రం కొత్తదానిలా ఉంటుంది. చొక్కాకి కాలరు, కఫ్‌లు చిరుగుతాయి, వీపు భాగం నిక్షేపంగా ఉంటుంది. ప్యాంటుకి తొడల దగ్గర పోతుంది, మోకాలి కింద గట్టిగా ఉంటుంది. గుడ్డని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే పలచబడ్డ చోట్లు వెంటనే తెలుస్తాయి. రెండు బొటనవేళ్లతో పట్టి లాగితే చర్రున చిరిగిందా, అది మసిగుడ్డే, దాని మీద కుట్టు పని వృథా. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇది చూడకుండా పూర్తిగా జీర్ణించిపోయిన గుడ్డ తెచ్చి సంచి కుట్టమంటారు. కుడితే కుట్టు ఉంటుంది, గుడ్డ ఉండదు.

టీషర్టు సంగతి వేరు. అది నేత గుడ్డ కాదు, అల్లిక గుడ్డ, కోసినా పీచులు లేవవు, కాబట్టి అంచు మడిచి కుట్టే పని లేదు. చంకల కింద నుంచి అడ్డంగా కోసేసి, కింద భాగాన్ని ఇంచు వెడల్పున చుట్టూ తిప్పుతూ ఒకే పట్టీలా కోసుకుంటూ పోండి. పక్కన కుట్టు లేని టీషర్టు అయితే తెగకుండా పొడుగాటి పట్టీ వస్తుంది, దాన్ని లాగితే అంచులు లోపలికి ముడుచుకుని తాడులా అవుతుంది. మూడు తాళ్లు జడలా అల్లి, ఆ జడని గుండ్రంగా చుట్టుకుంటూ చేతి సూదితో కలిపి కుడితే బాత్‌రూమ్ ముందు వేసుకునే పట్టా తయారు. టీవీ చూస్తూ చేసుకునే పని. ఒక్కటే జాగ్రత్త, చుట్టేటప్పుడు బిగించి లాగితే పట్టా మధ్యలో గిన్నెలా లేస్తుంది, వదులుగా చుట్టాలి. మామూలు సూదితో టీషర్టు మీద మిషన్ నడిపితే కుట్టు మధ్యమధ్య వదిలేస్తుంది, చాలామంది మిషన్ పాడైంది అనుకుంటారు, మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వేసుకుంటే సరిపోతుంది. ఒక నూలు టీషర్టు తయారవడానికి దగ్గర దగ్గర 2,700 లీటర్ల నీళ్లు పడతాయని ఒక అంచనా తరచూ చెప్తుంటారు. మంజీరా నీళ్లు రాకపోతే ట్యాంకర్ కోసం ఫోన్లు చేసే ఊళ్లో ఉంటున్నాం కాబట్టి ఆ లెక్క మనకి అర్థం కావాలి.

జీన్స్ గురించి మీరు ఎన్నిసార్లు రాసినా సూది నంబరు మాత్రం రాయరు. మామూలుగా మిషన్‌లో ఉండే 14 నంబరు సూదితో జీన్స్ మడతల మీద కుడితే సూది విరుగుతుంది, ముక్క ఎగిరి కంటికి తగిలితే ఇంకా పెద్ద గొడవ. 16 గాని 18 గాని వేసుకోవాలి, కుట్టు కాస్త పెద్దది పెట్టుకోవాలి. కాలి పక్క కుట్టు దగ్గర నాలుగు మందాలు కలుస్తాయి, అక్కడ ముందుగా చిన్న సుత్తితో కొట్టి అణిచి, తొక్కడం ఆపేసి చేత్తో చక్రం తిప్పుకుంటూ దాటించాలి. పై దారం టెన్షన్, అంటే బిగుతు, ఎక్కువైతే దారం పుటుక్కున తెగుతుంది, మనకీ టెన్షన్. అయినా కొత్తవాళ్లు జీన్స్‌తో మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం, పాత నూలు నైటీతో మొదలుపెట్టండి. కాళ్ల దాకా ఉన్న తిన్నని గుడ్డ, మెత్తగా ఉంటుంది, నీళ్లు బాగా పీలుస్తుంది. నాలుగు చదరాలు కోసి అంచులు మడిచి కుట్టుకుంటే వంటింట్లో టిష్యూ పేపర్లు కొనే పని ఉండదు.

ఇక మన ఇళ్లల్లో అసలు సమస్య పెట్టుబడి చీరలు. ఏ ఫంక్షన్‌కి పోయినా ఒకటి చేతిలో పెడతారు, మనం కట్టం, ఇంకొకరికి పెడతాం, అది ఊరంతా తిరిగి మళ్లీ మన ఇంటికే వచ్చినా ఆశ్చర్యం లేదు. 2017 నుంచి కొన్నేళ్లపాటు బతుకమ్మ పండక్కి తెలంగాణ ప్రభుత్వం సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించి పంచిన చీరలు కూడా చాలావరకు పాలిస్టరే, అవీ ఎన్నో ఇళ్లల్లో మడత విప్పకుండా ఉన్నాయి. ఇవి చెమట పీల్చవు కాబట్టి గలీబులకి పనికిరావు, తడి పీల్చవు కాబట్టి మసిగుడ్డకి పనికిరావు, పొయ్యి దగ్గరికి అసలు రానీయకూడదని పైనే రాశాను. మరి దేనికి? గట్టితనం ఉంది, రంగు పోదు, తొందరగా ఆరుతుంది. వాషింగ్ మిషన్ కవరు, ఎండాకాలం అయ్యాక కూలర్ కవరు కుట్టుకోవచ్చు. పట్టుచీరలు చుట్టి పెట్టుకునే ముసుగు మాత్రం వద్దు, దానికి తెల్లటి నూలు గుడ్డే మంచిది. అన్నిటికన్నా మంచి ఉపయోగం, మడిచి పర్సులో వేసుకునే పలచటి సంచి, అరచేతిలో పట్టేంత అవుతుంది. ఇస్త్రీ మాత్రం తక్కువ వేడి మీదే.

పట్టు గురించి రెండే మాటలు. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టుచీర ఆ మడత దగ్గరే చీలుతుంది. చీలడం మొదలైన చీరతో జాకెట్టు కుట్టమని రాకండి, చంక దగ్గర వారంలో పోతుంది. కింద అస్తరు వేసి చిన్నపిల్లకి పరికిణీ కుట్టించుకోండి, లేదా జరీ అంచు విప్పి మామూలు గుడ్డకి వేసుకోండి. పాత పట్టుచీరలు కొంటామనే బోర్డులు మన వీధుల్లో చాలా కనిపిస్తాయి, వాళ్లు కొనేది జరీలో ఉన్న వెండి కోసం, వెండి లేని జరీ చీరకి పెద్దగా ఏమీ రాదు.

బడుల మాట కూడా ఎత్తాలి. బెస్ట్ ఔట్ ఆఫ్ వేస్ట్ అని పిల్లలకి పోటీ పెడతారు. రేపు పొద్దున పోటీ అని పిల్లవాడు రాత్రి తొమ్మిదింటికి చెప్తాడు, తల్లి స్టేషనరీ షాపుకి పరుగెత్తి మెరుపు కాగితాలు, థర్మాకోల్, జిగురు కొత్తవి కొనుక్కొస్తుంది, వాళ్ల నాన్న కూర్చుని చేస్తాడు, పిల్లవాడికి సర్టిఫికెట్ వస్తుంది. అందులో వేస్టు ఏదో బెస్టు ఏదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి సంచీ లేకుండా బడికి వచ్చి చేతిపనులు నేర్చుకునే పది రోజులు పెట్టమన్నారు కదా, అందులో ఒక్క రోజు ఊడిన గుండీ కుట్టడం, ప్యాంటు కింద అంచు ఊడితే మడిచి కుట్టడం నేర్పమనండి, మగపిల్లలకి, ఆడపిల్లలకి ఇద్దరికీ. ఇంజనీరింగ్ చదివే కుర్రాడు గుండీ ఊడిన చొక్కా తెచ్చి నా ముందు నిలబడితే పది రూపాయలు నాకు వస్తాయి కాబట్టి నేను ఫిర్యాదు చేయకూడదు, అయినా చేస్తున్నాను.

మీ పేజీలో ఎప్పుడూ కనిపించనివాళ్లు ఇంకా ఉన్నారు. కాలనీ మలుపులో చెట్టు కింద ఒక మిషన్ వేసుకుని, ఆల్ట్రేషన్ చేయబడును అని అట్ట ముక్క తగిలించుకుని కూర్చునే టైలర్లు. పాతబస్తీలో రఫ్ఫు చేసేవాళ్లు, షేర్వానీకి సిగరెట్ చిల్లు పడినా అదే గుడ్డ లోపలి నుంచి పోగులు తీసి, చిల్లు ఎక్కడుందో కనిపెట్టలేనంతగా నేసి ఇస్తారు. స్టీలు సామాన్లు నెత్తిన పెట్టుకుని గల్లీ గల్లీ తిరిగి పాత బట్టలు తీసుకుపోయే ఆడవాళ్లు, ఒక గిన్నెకి ఐదు చీరలా ఆరు చీరలా అని మన గుమ్మంలో బేరం ఆడేవాళ్లు. పాత బట్టని చెత్తకుప్పకి పోకుండా ఇన్నాళ్లు కాపాడింది వీళ్లే. ఏదైనా సంస్థకి దానం చేయాలనుకునేవాళ్లకి కూడా ఒక మాట చెప్పండి, ఉతికినవి, వేసుకోగలిగినవి ఇవ్వాలని. గూంజ్ అని 1999లో మొదలైన సంస్థ ఉంది, దాని వ్యవస్థాపకుడు అంశు గుప్తాకి 2015లో మెగసెసే అవార్డు వచ్చింది, వాళ్లు పాత నూలు గుడ్డని శుభ్రం చేసి నెలసరి ప్యాడ్లు కూడా చేయిస్తారు. పాత బట్టల మీద అంత పని జరుగుతుంటే మన దగ్గర అది పెన్ను స్టాండు దగ్గరే ఆగిపోవడం ఏం బాగుంది?

కొలతలు ఇస్తే జనం కుట్టుకుంటారా అని మీకు అనుమానం ఉండొచ్చు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఇంట్లో ఉన్న నూలు గుడ్డతో మాస్కు ఎలా కుట్టుకోవాలో కేంద్ర ప్రభుత్వమే కొలతలతో సహా చిన్న పుస్తకం విడుదల చేసింది. మా వీధిలో సూది పట్టని వాళ్లు కూడా పాత పంచెలు కోసి కుట్టుకున్నారు.

కాబట్టి రెండు కొలతలు నేనే పంపుతున్నాను. మొదటిది దిండు గలీబు. మన దిండు సాధారణంగా 17 ఇంచులు వెడల్పు, 27 ఇంచులు పొడుగు ఉంటుంది. 19 ఇంచుల వెడల్పు, 63 ఇంచుల పొడుగు గుడ్డ కోయండి. రెండు చివరలూ ఇంచు చొప్పున మడిచి కుట్టేయండి. మంచివైపు, అంటే బయటికి కనిపించాల్సిన వైపు, లోపలికి ఉండేలా పెట్టి, ముందు ఒక చివర 6 ఇంచులు మడవండి, ఆ మడత లోపల ఉండేలా మిగతాది దాని మీదికి తిప్పి చివరలు సరిపెట్టండి, రెండు పక్కలా కుట్టి తిరగేయండి. ఆ 6 ఇంచుల మడత లోపల దిండు దూరిపోతుంది, గుండీ అక్కర్లేదు, జిప్పు అక్కర్లేదు. 45 ఇంచుల పన్నా, అంటే వెడల్పు, ఉన్న నూలు చీరలో లెక్కకి ఆరు వస్తాయి, అరిగిన చోట్లు తీసేస్తే నాలుగు ఖాయం.

రెండోది కూరగాయల సంచి. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలా నిషేధించారు, అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు కూడా నిషేధమే. దుకాణాల్లో ఇప్పుడిచ్చే గుడ్డలాంటి సంచి చూసి అది నూలు అనుకుంటున్నారు, అది కూడా పాలిప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే, అగ్గిపుల్ల పరీక్ష దానికీ పెట్టి చూడండి. సంచికి 18 ఇంచుల వెడల్పు, 38 ఇంచుల పొడుగు గుడ్డ కావాలి. మూతి వైపు రెండు చివరలూ ఒకటిన్నర ఇంచు మడిచి కుట్టండి. మంచివైపు బయటికి ఉండేలా సగానికి మడిచి, పక్కల్ని పావు ఇంచు దగ్గర ఒకసారి కుట్టండి, తిరగేసి అదే అంచుని మళ్లీ అర ఇంచు దగ్గర కుట్టండి, పీచులన్నీ లోపల ఇరుక్కుపోతాయి, అంచులకి ఇంటర్‌లాక్ కుట్టు వేయించే అవసరం ఉండదు. పిడులకి 24 ఇంచుల పొడుగు, 4 ఇంచుల వెడల్పు ముక్కలు రెండు, తప్పనిసరిగా గుడ్డ పొడుగు వెంబడే కోయాలి, అడ్డంగా గాని క్రాస్‌గా గాని కోస్తే బరువుకి సాగుతాయి. నాలుగు మడతలు వేసి ఇంచు వెడల్పున కుట్టి, మూతి మడత దగ్గర చదరంగా కుట్టు వేసి, దాని లోపల ఇంటూ మార్కులా ఇంకో కుట్టు వేయండి. ఆ ఇంటూ కుట్టు లేని సంచి మెహదీపట్నం రైతు బజార్ నుంచి బస్టాప్ దాకా కూడా రాదు, ఐదు కిలోల ఉల్లిగడ్డలు రోడ్డు మీదే.

ఉత్తరం పొడుగైంది. చోటు చాలకపోతే నా సణుగుడంతా తీసేయండి, ఈ కొలతలు, పొయ్యి దగ్గర పాలిస్టర్ వద్దన్న ముక్క మాత్రం ఉంచండి. వచ్చే వారాల్లో బొంత గురించి వేయాలనుకుంటే చెప్పండి, ఎన్ని చీరలు, ఏది పైకి ఏది లోపలికి, కచ్చా కుట్టు ఎక్కడ మొదలుపెట్టాలి, అన్నీ రాసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్